కరీంనగరము నుండి బొంబాయి వెండితెరకు: నటుడు పైడి జైరాజ్ గారు

(మన సంఘపు వారపు సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



సినిమా నటుని గూర్చి ఈ వేదికపై ప్రసంగించుట తగునా యని కొందఱు పెద్దలు సందేహించిరి. పోతనను, వేమనను తలచుకొనిన చోట నటుల ముచ్చట యేల యని వారి భావము. యువకులు మాత్రము హాలీవుడ్ నటులలో ఒకరి జీవిత చరిత్రను చెప్పుడని పట్టుపట్టిరి. ఉభయుల మాటను మన్నించు త్రోవ యొకటి మాకు తోచినది. డగ్లస్ ఫెయిర్‌బాంక్స్, ఎరల్ ఫ్లిన్ మొదలగువారు కత్తి దూసి, గుఱ్ఱమెక్కి లోకమును మురిపించిన కాలముననే, బొంబాయిలో అట్టి పాత్రలనే ధరించి, మూగచిత్రముల నాడు మొదలిడి అఱువది యేండ్లకు పైగా తెరపై నిలిచిన తెలుగువా డొకరున్నారు. వారు మన పొరుగువారే. వారి పేరు పైడి జైరాజ్. ఈ సభలో ఆ పేరు వినినవారు చేతులెత్తుడని యడిగినచో పదిచేతులైన లేచునో లేదో! అందుచేతనే ఈ ప్రసంగము.

జైరాజ్ గారు 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమున జన్మించిరి. తలిదండ్రులు పెట్టిన పేరు పైడిపాటి జైరుల నాయుడు. నాడు కరీంనగరము, నాందేడు రెండును నిజాము ప్రభువు రాజ్యములోని జిల్లాలే. 1948 సెప్టెంబరు 17న ఆ రాజ్యము భారతదేశమున చేరినది. 1956 నవంబరు 1న భాషనుబట్టి రాష్ట్రములు ఏర్పడినపుడు కరీంనగరము ఆంధ్రప్రదేశమునకు, మన మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. 1960 మే 1న మహారాష్ట్రము ఏర్పడగా మనము దానిలోనికి వచ్చితిమి. తెలుగు కుటుంబములు ఇల్లు కదలకయే రాష్ట్రము మారిన చరిత్ర మనది. బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు, కిన్వట ప్రాంతముల వారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కఱలేదు. గోదావరి మాత్రము సరిహద్దు నెఱుగదు. మన ఘట్టములను తాకిన నీరే బాసర మీదుగా దిగి ధర్మపురిని చేరును. కరీంనగరమును ఒరసి పాఱు మానేరు మంథని దాపున ఆ నీటిలోనే కలియును.

జైరాజ్ గారి పేరును గూర్చి ఇచట ఒక మాట చెప్పవలెను. వెండితెరపై వారు 'పి. జైరాజ్' అయిరి. ఇంటిపేరు ఒక్క అక్షరమునకు కుదిసినది. నాయుడు అను మాట రాలిపోయినది. హిందీ చిత్రములు చూచిన లక్షలాది జనులలో ఈయన తెలుగువాడని ఎఱిగినవారు స్వల్పము. మనకిది వింతకాదు. మనలో అనేకుల ఇంటిపేళ్ళు వెనుకకు జరిగి చివర నిలచినవి. వాని కొనలకు 'వార్' అని తోక చేరినది. ఆ తోక 'వారు' అను మన గౌరవవాచకమే యని మన పిల్లలలో ఎందఱికి తెలియును?

ఇక ఆ కాలపు భాషాస్థితి. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. కచేరీలలో ఉర్దూ, పాఠశాలలలో ఉర్దూ. ప్రజలలో అధిక సంఖ్యాకులు తెలుగువారైనను తెలుగునకు వీథిలో గౌరవము లేకుండెను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో కర్వే పండితుని అధ్యక్షతన ఒక సంఘసంస్కార సభ జరిగినది. ఇతర భాషలలో మాటలాడినవారిని సభ్యులు ఓర్పుతో వినిరి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ఉపన్యసింప లేవగానే గేలి చేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జన సంఘము పుట్టినది. నాటికి జైరాజ్ గారు పండ్రెండేండ్ల బాలుడు. ఆ తరమున చదువుకొనిన తెలుగు బాలుని నోట ఉర్దూ నిలచుట సహజము. తరువాత వారు హైదరాబాదు నిజాము కళాశాలలో చదివిరి. అచట బోధన ఆంగ్లమున జరిగెడిది. ఇంట తెలుగు, వీథిలో ఉర్దూ, తరగతిలో ఆంగ్లము. ఈ మూడు నాలుకలలో ఏది ఆయనకు అన్నము పెట్టినదో ముందు చూతుము.

1929లో, ఇరువది యేండ్లు నిండని వయస్సున, ఆయన బొంబాయి చేరిరి. తెలుగువారికి బొంబాయి క్రొత్త ఊరు కాదు. కామాఠీపుర మను పేటకు ఆ పేరు వచ్చుటకు కారణము, నిజాము రాజ్యమునుండి పోయి ఆ నగరపు కట్టడములకు రాయి మోసిన కామాఠీలే. వారిలో పెక్కుమంది తెలుగువారు. గిరణీలలో మగ్గములను నడిపిన పద్మశాలీలు మఱొక వర్గము. మనవారు కూలికి, నేతకు పోయిన ఊరికి ఈ యువకుడు వేషమునకు పోయెను. ఆ సంవత్సరముననే 'జగ్‌మగ్‌తీ జవానీ' అను మూగచిత్రమున చిన్న పాత్ర దొరకినది. కొలది కాలములోనే 'రసీలీ రాణి'లో మాధురి సరసన నాయకపాత్ర లభించినది. ఈ విధముగ పదింటికి మించిన మూగచిత్రములలో ఆయన నటించిరి.

నేటి పిల్లలకు మూగచిత్ర మన నేమో చెప్పవలసియున్నది. తెరపై బొమ్మలు కదలును, మాట వినబడదు. నడుమ నడుమ అక్షరములు కనబడును. చదువురాని వారికొఱకు ఒకడు నిలబడి కథ చెప్పెడివాడు. తెరముందు తబలా, హార్మోనియము మ్రోగెడివి. అట్టి చిత్రమున నటునికి భాష అక్కఱలేదు. తెలుగువాడైనను, యూదుడైనను, ఆంగ్లో ఇండియను యువతి యైనను ఒక్కటే. వలసినది దేహము, కన్ను, గుఱ్ఱపు స్వారి, కత్తిసాము. జైరాజ్ గారికి ఎత్తు, బలము, వ్యాయామమున తీరిన శరీరము ఉండెను. బొంబాయి కంపెనీలు ఆ కాలమున అమెరికా చిత్రములను చూచి తమ కథల నల్లుచుండెడివి. మన దేశపు ప్రదర్శనశాలలలో ఆడిన చిత్రములలో అత్యధిక భాగము అమెరికావే. 1924లో వెలువడిన ఫెయిర్‌బాంక్స్ గారి 'బాగ్దాద్ దొంగ' మన దేశమున ఎంతటి ఆదరణ పొందెనో, 1927లో ప్రభుత్వము నియమించిన రంగాచారిగారి సంఘము తన విచారణలో గుర్తించినది. అట్టి నాయకుడే మనకును కావలెనని ప్రజలు కోరిరి. మాస్టర్ విఠల్ అను మరాఠీ నటునికి భారతీయ ఫెయిర్‌బాంక్స్ అని పేరు వచ్చినది. జైరాజ్ గారు ఆ బాటలోనే అడుగిడిరి.

అంతలో తెరకు నోరు వచ్చినది. 1931 మార్చి 14న బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదల అయ్యెను. హాలీవుడ్‌లో మూడు నాలుగేండ్ల ముందే ఈ ప్రళయము వచ్చి, జాన్ గిల్బర్టు వంటి మహానటుల ప్రభ అణగారినది. మన దేశమున దాని దెబ్బ మఱింత తీవ్రము. ఏలనన అచట ఒక్కటే భాష, ఇచట అనేకము. 'ఆలం ఆరా'కు నాయకుడు మాస్టర్ విఠలే. అయినను ఆయనకు హిందూస్థానీ ఉచ్చారణ కుదురకపోగా, కథలో చాల భాగము ఆయనను మైకములో ఉంచిరని చెప్పుదురు. అటు పిమ్మట ఆయన ఎక్కువగా మరాఠీ చిత్రములకు మరలెను. బొంబాయిలో పుట్టి పెరిగిన భాషలవారే ఇట్లు తడబడుచుండగా కరీంనగరపు తెలుగువాడు నిలదొక్కుకొనుట యెట్లు? నిజాము రాజ్యపు ఉర్దూయే ఆయనను గట్టెక్కించినదని మా యభిప్రాయము. బాలుని నోటినుండి తెలుగును వెనుకకు నెట్టిన ఆ భాషయే యువకుని చేతికి జీవనోపాధియై వచ్చినది. 1932లో 'షికారీ' అను వాక్చిత్రముతో ఆయన మాటలాడు నటుడైరి. మఱి వెనుదిరిగి చూడలేదు.

వాక్చిత్రముల తొలిదశాబ్దమున బొంబాయి టాకీస్ సంస్థకున్న గౌరవము వేఱెవ్వరికిని లేదు. హిమాంశు రాయ్, దేవికారాణి దంపతులు దానిని స్థాపించిరి. జర్మను దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ అచట పనిచేసెను. 1938లో ఆయన దర్శకత్వమున వచ్చిన 'భాభీ' చిత్రమునకు జైరాజ్ గారు నాయకుడు, రేణుకాదేవి నాయిక. శరదిందు బంద్యోపాధ్యాయ గారి వంగకథ దీనికి మూలము. కత్తి, గుఱ్ఱము లేని గృహస్థు పాత్ర యిది. చేతులను ఏమి చేయవలెనో తెలియని నటులు ఇట్టి పాత్రలలోనే పట్టుబడుదురు. జైరాజ్ గారు నెగ్గిరి. 1943లో 'హమారీ బాత్' వచ్చినది. అందు ఆయన సరసన దేవికారాణి నటించెను. ఆమె నటించిన చిత్రములలో అదియే చివరిది. 1946లో వచ్చిన 'షాజహాన్'లో సైగల్ గారితో కలిసి నటించిరి. ఆ చిత్రమును జనులు సైగల్ పాటలకొఱకే జ్ఞాపకముంచుకొనిరి. పాట పాడు నటుని పక్కన పాడని నటుడు నిలచుట ఎంత కష్టమో రసజ్ఞులైన మీకు తెలియును.

దర్శకత్వమున గూడ వారు చేయి వేసిరి. 1945లో బొంబాయి టాకీస్ వారికొఱకు 'ప్రతిమ'ను తీసిరి. నాయకుడు దిలీప్ కుమార్, అప్పటికి ఒక్క చిత్రము అనుభవము మాత్రమే గల యువకుడు. దిలీప్ కుమార్ గారి రెండవ చిత్రమునకు దర్శకుడు కరీంనగరపు తెలుగువాడని చెప్పినచో మన యింటి పిల్లలు నమ్మరు. 1951లో 'సాగర్' అను చిత్రమును స్వయముగ నిర్మించి, దర్శకత్వము వహించిరి. నర్గీసు, భరత్ భూషణ్ అందు నటించిరి. ఆంగ్లకవి టెన్నిసన్ వ్రాసిన ఈనక్ ఆర్డెన్ కథను పోలిన ఇతివృత్తము. 1959లో 'మోహర్' తీసిరి. దర్శకునిగా ఆయనకు నిలచిన కీర్తి రాలేదని యొప్పుకొనవలెను. నటునికి జనము ఇచ్చిన చోటు వేఱు.

ఆ చోటు చారిత్రక చిత్రములు. 1956లో 'అమర్‌సింగ్ రాఠోడ్', 1959లో 'పృథ్వీరాజ్ చౌహాన్', 'టిప్పు సుల్తాన్', 1960లో 'వీర్ దుర్గాదాస్', 'లాల్ ఖిలా', 1961లో 'జయ్ చిత్తోడ్' — ఇట్లు పదేండ్లలో ఆయన ధరింపని కిరీటము లేదు. 1956లోనే హోమీ వాడియా తీసిన 'హాతిమ్‌తాయి'లో పరోపకారియైన హాతిముగా కనబడిరి. షాజహాను కొలువులోనే సలాబత్ ఖానును పొడిచిన అమరసింహుడు, ఔరంగజేబు నెదిరించి మార్వాడు రాకుమారుని కాపాడిన దుర్గాదాసు — ఈ కథలు జిల్లా పట్టణముల జనమునకు ప్రాణము. నిరూపా రాయ్ గారు పెక్కింటిలో నాయిక. ఇవి పెద్ద ఖర్చుతో తీసినవి కావు. కోట గోడలు గుడ్డమీద వ్రాసినవని చూడగనే తెలియును. విమర్శకులు వీనిని రెండవ తరగతి చిత్రములని త్రోసివేసిరి. మేము ఆ మాటను కాదనము, కాని దానితో తృప్తిపడము. నగరపు పెద్ద ప్రదర్శనశాలలో ఒక్కసారి చూచి మఱచిపోవు చిత్రములు కొన్ని; బల్లలమీదను, నేలమీదను కూర్చుండి పదేండ్లపాటు మరల మరల చూచు చిత్రములు కొన్ని. జైరాజ్ గారు రెండవ కోవకు చెందినవారు. ఆయన నటనలో సూక్ష్మమైన భావపరివర్తనలను వెదకుట తగదు. నిలుచుటలో ఠీవి, మాటలో స్పష్టత, కత్తి పట్టినపుడు చేయి వణకని ధీమా — ఈ మూడును ఆయన సొత్తు.

ఇచట హాలీవుడ్ ప్రసక్తి తప్పదు. ఎరల్ ఫ్లిన్ గారు పుట్టినది 1909 జూను 20న, ఆస్ట్రేలియా దక్షిణమున గల టాస్మేనియా ద్వీపమున. జైరాజ్ గారికంటె మూడు నెలలు పెద్ద. ఈయన కరీంనగరమునుండి బొంబాయికి పరాయివాడై వచ్చినట్లే ఆయన టాస్మేనియానుండి హాలీవుడ్‌కు పరాయివాడై పోయెను. 1935లో 'కెప్టెన్ బ్లడ్', 1938లో 'రాబిన్ హుడ్' ఆయనను జగద్విఖ్యాతుని జేసినవి. మద్యము, విలాసము ఆయన దేహమును తినివేయగా 1959 అక్టోబరులో, ఏబదియేండ్లకే కన్నుమూసెను. ఆ 1959లోనే జైరాజ్ గారు పృథ్వీరాజుగాను, టిప్పుగాను కత్తి తిప్పుచుండిరి. ఫ్లిన్ గారి ప్రతిభ, ఆయనకు దొరకిన రంగులు, ఓడలు, ధనము ఈయనకు లేవు. కాని దేహమును దేవాలయముగ చూచుకొనుటలో ఈయనయే మిన్న.

1963లో 'చంద్రశేఖర్ ఆజాద్' వచ్చినది. అందు జైరాజ్ గారే ఆజాద్. లెక్కవేసి చూచినచో మనస్సు కలుక్కుమనును. ఆజాద్ 1906 జూలైలో పుట్టెను. అనగా నటునికంటె మూడేండ్లు మాత్రమే పెద్ద. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్‌ఫ్రెడ్ తోటలో ఆజాద్ ప్రాణము విడుచునాటికి జైరాజ్ గారు బొంబాయిలో మూగచిత్రముల యువనాయకుడు. ఇరువది నాలుగేండ్లకే రాలిపోయిన వీరుని, ఆయన యీడువాడే ఏబది మూడేండ్ల వయస్సున తెరపై బ్రతికించెను. వయస్సు కనబడుచున్నదని పరిహసించువారు ఈ సంగతి తెలిసికొనిన పిదప పరిహసింపలేరు.

ఇక యువకులు ఎదురుచూచు ఘట్టము. జైరాజ్ గారు అమెరికా వారి చిత్రములలో నిజముగనే నటించిరి. 1963లో మార్క్ రాబ్సన్ దర్శకత్వమున 'నైన్ అవర్స్ టు రామ' అను చిత్రము వెలువడినది. స్టాన్లీ వోల్పర్టు నవల దానికి ఆధారము. మహాత్ముని 1948 జనవరి 30న హత్యచేసిన గోడ్సే కథ అది. అందు జైరాజ్ గారు ఘనశ్యామదాసు బిర్లా పాత్రను ధరించిరి. గోడ్సే పాత్రకు జర్మను నటుడు హోర్స్ట్ బుక్‌హోల్జ్‌ను పెట్టుకొనిరి. మన ప్రభుత్వము ఆ చిత్రమును నిషేధించినది. అందుచేత ఆయనను హాలీవుడ్ తెరపై చూచు భాగ్యము ఆయన దేశస్థులకే దక్కలేదు. తరువాత 1966లో 'మాయా' అను చిత్రము వచ్చినది. జాన్ బెర్రీ దర్శకుడు, ఎం.జి.ఎం. సంస్థ విడుదల చేసినది. మన దేశములోనే తీసిన ఏనుగు కథ అది. జే నార్త్ అను అమెరికా బాలుడు, మన సాజిద్ ఖాన్ అను బాలుడు ప్రధాన పాత్రలు. జైరాజ్ గారికి చిన్న పాత్ర. హాలీవుడ్ ఆయనకు ఇచ్చినది ఇంతే. పొగడుటకై దీనిని పెంచి చెప్పుట మాకు రుచింపదు.

ముప్పది యేండ్లు నాయకుడుగ ఉండినవాడు క్రమముగ తండ్రి, న్యాయమూర్తి, పోలీసు అధికారి పాత్రలకు దిగుట చాల మంది నటులకు మింగుడుపడని మాత్ర. ఆయన దిగిరి, దిగియు పనిని వదలలేదు. 1975లో వచ్చిన 'షోలే'లో పోలీసు కమిషనరుగ కొలది నిమిషములు కనబడుదురు. మన యిండ్లలో ఆ చిత్రమును పదిసార్లు చూడనివారు లేరు. ఆ కమిషనరు మన గోదావరి గడ్డవాడని చూచినవా రెవ్వరు? హిందీలోనే కాక మరాఠీ, గుజరాతీ చిత్రములలో గూడ నటించిరి. మొత్తము నూటయేబదికి పైబడిన చిత్రములు. 1990 దశాబ్దమున గూడ ఆయన కెమెరా ముందు నిలచిరి.

1980 సంవత్సరమునకు భారత ప్రభుత్వము వారికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కార మొసగినది. తెలుగువారిలో అంతకుముందు ఈ గౌరవమును పొందినవారు బి. ఎన్. రెడ్డిగారొక్కరే. తరువాత ఎల్. వి. ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని నాగేశ్వరరావు, రామానాయుడు, విశ్వనాథ్ గారలు పొందిరి. ఈ పురస్కారమునకు మొట్టమొదట పాత్రురాలైనది దేవికారాణి. ఆమె చివరి చిత్రమున ఆమె సరసన నిలచినవారు జైరాజ్ గారు. మఱియొక ముచ్చట. ఫాల్కేగారు 1870లో పుట్టినది నాసికు దాపున త్ర్యంబకమున. గోదావరి పుట్టిన చోటది. నదికి ఎగువన పుట్టినవాని పేర ఇచ్చు మన్నన, దిగువ జిల్లావానికి చేరినది. నడుమ మన ఊరు. ఇంతకు మించి దీనిలో విశేష మేమియు లేదు కాని, మాకు చెప్పుకొనుట యిష్టము.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. ఇంతటి నటుడు తెలుగు చిత్రములలో పేరు పొందలేదు. ఆ లోటు ఆయనకు ఉండెనని పత్రికలు వ్రాసినవి. కారణ మేమి? తొలి తెలుగు వాక్చిత్రము 'భక్త ప్రహ్లాద'ను హెచ్. ఎం. రెడ్డిగారు తీసినది బొంబాయిలోనే, 1932లో విడుదలయ్యెను. అప్పుడు జైరాజ్ గారు ఆ నగరముననే ఉండిరి! ఏలూరు దాపున సోమవరప్పాడునుండి పారిపోయి వచ్చిన మఱొక తెలుగు యువకుడు గూడ అచటనే ఉండెను, ఆయనయే ఎల్. వి. ప్రసాద్ గారు. ఆయన 'ఆలం ఆరా'లోను, 'భక్త ప్రహ్లాద'లోను చిన్న వేషములు వేసెను. తరువాత మదరాసు చేరి తెలుగు చిత్రసీమకు స్తంభమయ్యెను. ఒక్క నగరమున ఇద్దఱు తెలుగు యువకులు: ఒకరు తెలుగు వైపు మరలిరి, ఒకరు మరలలేదు.

మా యూహ యిది. తొలినాటి తెలుగు చిత్రములకు నటులు నాటకరంగమునుండి వచ్చిరి. సురభివారు, కోస్తా జిల్లాల నాటక సమాజములవారు. పద్యమును రాగమెత్తి పాడగలవాడే నటుడు. జైరాజ్ గారు నాటకశాలనుండి రాలేదు. దేహబలముతో మూగచిత్రమునుండి వచ్చిరి. ఆయన పెరిగిన సీమలో పాఠశాలలు ఆయనకు తెలుగు పద్యము నేర్పియుండవు. పిదప తెలుగు చిత్రసీమ మదరాసున స్థిరపడినది; ఆయన బొంబాయిలో స్థిరపడిరి. నడుమ దూరము స్వల్పము కాదు. తెలుగువారు పిలువలేదు. ఆయన దూరమైనది తెలుగును త్రోసిపుచ్చినందున కాదు. తెలుగు ఆయనను అడుగనందుననే యని మేము భావింతుము.

మన సంఘమున ఈ విషయమై భేదాభిప్రాయము లుండుట మే మెఱుగుదుము. తెరపై తెలుగున నిలువని వానిని తెలుగువాడని చాటుకొనుట యేమి గొప్ప యని ఒక పెద్దలు కార్యవర్గములో అనిరి. పురస్కారము వచ్చిన పిదప మనవాడనుట, రానినాడు మఱచుట తెలుగువారి అలవాటని గూడ వారు చురక వేసిరి. చురక సరియైనదే. కాని వారి మొదటి మాటను మేము అంగీకరింపము. ఆ కొలతతో కొలిచినచో మన యింటి పిల్లలు ఏమగుదురు? బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఉద్యోగములో ఆంగ్లము. తెలుగు వంటయింటి గడప దాటదు. రేపు వారిలో ఒకడు మరాఠీ రంగస్థలమున పేరు పొందినచో అతడు మనవాడు కాడందుమా? అట్లని యువకులు చెప్పునది గూడ మాకు పూర్తిగ సమ్మతము కాదు. పేరు తెలుగైన చాలును, భాష యేల యని వారి వాదము. నాడు ఉర్దూ జైరాజ్ గారికి అన్నము పెట్టినది, నిజమే. ఉర్దూ నేర్చినందుకు ఆయన తెలుగును విడువవలసిన పని లేకుండెను. రెండును ఒక నోట ఇమిడియుండెడివి. ఒకదానికి మాత్రమే పని దొరకినది. మన పిల్లల తెలుగునకు వారమున కొక గంటయైన పని కల్పింపవలెనని, ఆదివారపు తెలుగు తరగతిని మాన్పింపవలెనను ప్రతిపాదనను మేము ఈ కారణముచేతనే వ్యతిరేకించుచున్నాము. తరగతికి వచ్చువారు ఏడుగురే అనుట నిజము. ఏడుగురు వచ్చునంతవఱకు తలుపు తీయుదము.

జైరాజ్ గారు 2000వ సంవత్సరము ఆగస్టు 11న ముంబయిలో తనువు చాలించిరి. తొంబదియొక్కటవ ఏడు నిండుటకు నెలన్నర మిగిలియుండెను. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప హైదరాబాదు రవీంద్రభారతిలోని చిత్ర ప్రదర్శనశాలకు పైడి జైరాజ్ గారి పేరిడిరి. ఆలస్యముగనైనను ఆ పని జరిగినది.

చివరగా ఒక కార్యము విన్నవించి విరమింతుము. మన దేశమున పదమూడు వందలకు మించి మూగచిత్రములు నిర్మింపబడినవి. నేడు మిగిలినవి వ్రేళ్ళమీద లెక్కింపవచ్చునన్నంత స్వల్పము. వెండి తీయుటకై కొన్ని కరగింపబడినవి, కొన్ని అగ్నిపాలయ్యెను, కొన్ని డబ్బాలలోనే కుళ్ళిపోయెను. ఇక పూర్వము ప్రదర్శనశాలల వద్ద అణా, రెండణాలకు అమ్మిన పాటల పుస్తకములే చాల చిత్రములకు సాక్ష్యము. అందు నటుల పేళ్ళు, కథ, పాటలు అచ్చువేసియుండెడివి. పుణెలో 1964లో స్థాపించిన జాతీయ చలనచిత్ర భాండాగారము అట్టివానిని గూడ సేకరించి భద్రపఱచుచున్నది. మన యిండ్లలో తాతలనాటి ట్రంకు పెట్టెలు ఇంకను కొన్ని ఉన్నవి. 'అమర్‌సింగ్ రాఠోడ్'దో, 'హాతిమ్‌తాయి'దో, అంతకుముందటి దేదియైననో పాటల పుస్తకము, గోడపత్రిక, టికెట్టు ముక్క కనబడినచో పాత కాగితముల వానికి తూకము వేయక సంఘ కార్యాలయమునకు తెండు. మేము నకలు తీసికొని, అసలును మీకే తిరిగి ఇత్తుము. పై అట్టమీద 'పి. జైరాజ్' అని ఉన్నచో ఆ పక్కన పూర్తి ఇంటిపేరును పెన్సిలుతో తెలుగున వ్రాయుటకు మాత్రము అనుమతి కోరుచున్నాము.